మస్తానమ్మ ఎండపెట్టిన చెయ్యి

మార్కాపురంలో అత్తరు అమ్మిన మస్తానమ్మ గురించి నాకు తెలిసినదంతా మా పెద్దమ్మ శేషమ్మ చెప్పినదే. పెద్దమ్మ ఉన్నదానికి చేర్చి చెప్పే మనిషి కాదు. పైగా ఇదంతా జరిగింది ఆమె మెడ మీదే. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆమె చెయ్యి తనకు తెలియకుండానే గొంతు దగ్గరికి పోయేది.

అప్పటికి మార్కాపురం, గిద్దలూరు అన్నీ కర్నూలు జిల్లాలో ఉండేవి. మద్రాసు దొరల పాలన. మస్తానమ్మది దూదేకుల ఇల్లు. భర్త ఖాసిం కర్నూలు నుంచి అత్తరు సీసాలు తెచ్చి, చెక్కపెట్టె భుజాన వేసుకుని పెళ్లిళ్లకు తిరిగేవాడు. అతను జ్వరంతో పోయాక, పిల్లలు లేని మస్తానమ్మ ఆ పెట్టెనే ఎత్తుకుంది. ఆడమనిషి అత్తరు పెట్టె ఎత్తుకోవడమేమిటని కొందరు నవ్వారు. పెళ్లికూతుళ్ల తల్లులకు మాత్రం అదే నయమనిపించింది. మగవాడైతే సీసా గడప బయటే ఇచ్చి పోవాలి. మస్తానమ్మ లోపలికి వచ్చి, పిల్ల పక్కన కూర్చుని, తన చేత్తో రాసి పోయేది.

ఆమెకున్న చిక్కల్లా మా ఎండలతోనే. పెళ్లిళ్లన్నీ వైశాఖంలోనే కదా. ఆ వేడికి ఎంత మంచి అత్తరైనా గడియసేపు గుమగుమలాడి ఎగిరిపోయేది. "తాళి కట్టేలోపలే వాసన పాయె మస్తానమ్మా, నీళ్లు కలిపినావా ఏంది?" అని తల్లులు నిష్ఠూరమాడేవాళ్లు. నీళ్లు కలపలేదని ఒట్టు పెట్టుకోవడం తప్ప ఆమెకు మొదట్లో మరో జవాబు తెలియదు.

కారణం తెలుసుకోవాలని పట్టు పట్టింది. అందరి ఒంటి మీదా ఒక్కలాగే పోతుందా అని చూసింది. పోదు. పొలాల్లో తిరిగి పొడిబారిన చర్మం మీద తొందరగా పోయేది. తలంటుకుని నూనె జిడ్డు కాస్త మిగిలిన ఒంటి మీద నిలిచేది. అప్పటినుంచి ముందు తడిగుడ్డతో మెడ తుడిచి, ఆ తేమ ఆరకముందే నువ్వులనూనెలో కరిగించిన తేనెమైనం పలచగా పూసి, దాని మీద అత్తరు అద్దేది. రుద్దనిచ్చేది కాదు. "రుద్దితే సచ్చిపోతది బిడ్డా, అట్లే ఉండనీ" అనేది. పొద్దున రాసిన వాసన దీపాలు పెట్టేదాకా ఉండేది. నల్లమల నుంచి తేనె దించుకొచ్చే చెంచయ్య దగ్గర మైనం కొనేది. మల్లెపూలూ నువ్వులూ పొరలు పొరలుగా పరిచి, వాసన పట్టిన నువ్వులను తనే గానుగ ఆడించుకునేది. ఆ గానుగలోనే కుడిచేతి ఉంగరపు వేలు మొదటి కణుపుదాకా పోగొట్టుకుంది.

పేరు వచ్చింది. కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు దాకా పిలుపులు వచ్చేవి. అయినా ఆమెకు తృప్తి లేదు. మైనం మీద అత్తరు నిలుస్తుంది గాని బరువుగా, ముక్కు మూసుకుపోయినట్టుగా ఉంటుంది. సాయంత్రానికి నిలవ పూల వాసన వేస్తుంది. అప్పుడే తుంచిన పూవులాగా రెండో రోజు కూడా ఉండాలనేది ఆమె కోరిక. ఏడాదిపాటు ఏవేవో కలిపి చూసింది. చివరికి 1936 ఎండాకాలం మొదట్లో, కంభం చెరువు కింది తోటల నుంచి వచ్చిన పచ్చి నిమ్మకాయలు బుట్టెడు కొని, తొక్కంతా కొబ్బరి కోరే పీటతో గీకి, మైనపు నూనెలో నానేసి పిండింది. దాన్ని అత్తరులో కలిపి తన మణికట్టుకు రాసుకుని పడుకుంది. మర్నాడు లేచేసరికి వాసన ఇంకా ఉంది. ఆ మర్నాడూ ఉంది. ఆనందం పట్టలేక పక్కింటివాళ్లందరి ముక్కుల దగ్గరా చెయ్యి పెట్టిందట.

ఆమె మణికట్లు కప్పేదాకా రవిక తొడిగే మనిషి. బయటికి పోతే పైన ముసుగు కూడా ఉండేది. ఆ మణికట్టుకు ఎండ తగలలేదన్న సంగతి అప్పుడు ఎవరికి తోస్తుంది?

ఆ కొత్త అత్తరు మొట్టమొదట రాసింది మా పెద్దమ్మకే. మా తాత మాలకొండయ్యది బేస్తవారిపేట పక్కన ఊరు. సొంత అరకలున్న రైతు. పెద్ద కూతురు శేషమ్మను కొమరోలు వెంకటేశ్వర్లుకు ఇచ్చాడు. పెళ్లి బుధవారం రాత్రి అయింది. గురువారం పొద్దున సాగనంపేటప్పుడు మస్తానమ్మ పిల్ల మెడకు రెండు వైపులా ఆ అత్తరు రాసింది. ఎడమవైపు నాలుగు వేళ్లతో పట్టించి, కుడివైపు దవడ కింద బొటనవేలితో అద్దింది. పెళ్లికొడుకు కండువా అంచుకు చుక్క రాసింది.

"రెండు రోజులుంటది చూడు. మీ అత్త వాసన పట్టుకొని నిన్ను యాడున్నా వెతుక్కుంటది" అని నవ్వి, పెట్టె సర్దుకుని కంభంలో ఇంకో పెళ్లికి పోయింది.

గూడుబండి రెండు మైళ్లు పోకముందే ఇరుసు విరిగింది. పెళ్లికూతురిని పొలం బండిలోకి మార్చారు. దానికి గూడు లేదు. పొద్దున్నుంచి దాదాపు సాయంత్రందాకా పిల్ల ఆ వైశాఖపు ఎండలోనే కూర్చుంది. తల మీద కొంగు ఉంది గాని, నగలు కనబడాలని మెడ తెరిచే ఉంచారు.

శుక్రవారం రాత్రి మెడ మంట పుట్టింది. ఎండదెబ్బ అనుకుంది. శనివారం పొద్దున స్నానానికి నీళ్లు పోయబోతూ అత్త వెంకటసుబ్బులమ్మ కోడలి జుట్టు పైకెత్తి, చెంబు అక్కడే వదిలేసింది.

మెడకు ఎడమవైపు నాలుగు వేళ్లు అచ్చు గుద్దినట్టు ఎర్రగా లేచి, నీటిపొక్కులు కట్టి ఉన్నాయి. కుడివైపు దవడ కింద బొటనవేలు ఉంది. ఎవరో ఒక చేత్తో గొంతు పట్టి పిసికినట్టే ఉంది.

"ఎవురు చేసినారు?" అంది అత్త. 

"ఏంది అత్తా?" అంది శేషమ్మ. తన మెడ తనకు కనబడదు కదా.

అద్దం తెచ్చి చూపించారు. చూసుకుని మా పెద్దమ్మ ఆ పొక్కులను వేలితో తాకి చూసింది. "నన్ను ఎవరూ ముట్టుకోలేదని నాకు తెలుసు. అయినా ఆ అద్దంలో చూసినప్పుడు, నేను నిద్రలో ఉండగా ఏదో జరిగిందేమోనని నా మీద నాకే నమ్మకం పోయింది" అని చెప్పేది.

వెంకటసుబ్బులమ్మ దొడ్లో ఎడ్లకు నీళ్లు పెడుతున్న కొడుకు దగ్గరికి పోయి, ఒక్క మాటా అడక్కుండా చెంప మీద కొట్టింది. అతనికి ఎందుకో తెలియదు. లోపలికి లాక్కొచ్చి పిల్ల మెడ చూపించింది. చూసి అతను గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"నేను కాదమ్మా" అన్నాడు. "అసలు నేను..." అని, ఆ మాట తల్లి ముందు ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాడు. శోభనానికి ఇంకా మంచిరోజు చూడలేదు. ఇద్దరూ ఒకే గదిలో పడుకోనేలేదు. అతను మిద్దె మీద, ఆమె తోడొచ్చిన మేనత్త రమణమ్మ పక్కన.

ఆ రమణమ్మే మేనకోడలి మెడ చూసి గుండెలు బాదుకుంది. రాత్రి తను నిద్రపోయాక వాడు దిగి వచ్చాడని ఆమె తేల్చేసింది. అప్పుడే బయలుదేరి, దొరికిన బండి పట్టుకుని, తెల్లారేసరికి అన్న ఇంట్లో ఉంది.

మా తాత మాలకొండయ్య మెత్తని మనిషి అని పేరు. ఆ రోజు మాత్రం ఆయన మొహం చూసి అమ్మమ్మ కాశమ్మ ఎదురు నిలబడలేకపోయిందట. తమ్ముళ్లిద్దరినీ, రమణమ్మనూ, కర్రలనూ బండిలో వేసుకున్నాడు. కంభం మీదుగా పోతూ, అక్కడి పెళ్లింట్లో ఉన్న మస్తానమ్మను పిలిచాడు.

"అమ్మే, నా కూతురు మెడకు ఆఖర్న చెయ్యి తగిలించింది నువ్వే. ఆ పొద్దు మెడ శుభ్రంగా ఉండిందని పదిమందిలో చెప్పాల. రా."

"ఉండకేమన్నా, పసుపు రాసిన బంగారు మెడ" అంది మస్తానమ్మ. సంగతంతా విని మండిపడింది. "ఎంత పాపిష్టోడన్నా వాడు! నేను చెప్తా. ఏ కచేరీలో అయినా చెప్తా." పెట్టె చంకన పెట్టుకుని బండెక్కింది. దారి పొడవునా పెళ్లికొడుకును తిడుతూనే ఉంది.

ఆదివారం పొద్దు వాలేవేళకు కొమరోలు చేరారు. అప్పటికే వీధి అరుగుల మీద మనుషులు. వెంకటేశ్వర్లును వసారాలో స్తంభం దగ్గర కూర్చోబెట్టి ఉన్నారు. ఎవరూ కట్టెయ్యలేదు గాని, కదలడానికి అతనికి ధైర్యం లేదు. శేషమ్మ తండ్రిని చూసి గడప దాటి వచ్చింది.

"నాయనా, ఆయన నన్ను ముట్టలేదు."

"భయపెట్టి పలికిస్తాండారు" అన్నాడు ఆమె చిన్నాన్న.

"లేదు నాయనా. నాకేమీ తెలీదు. వేళ్లు వాటంతటవే వచ్చినాయి."

ఆ మాటకు జనంలో గుసగుసలు లేచాయి. దయ్యం అన్నారొకరు. ఇంకెవరి వేళ్లో అన్నారు ఇంకొకరు. ఆ రెండో మాట మా పెద్దమ్మ చెవిన పడింది. ఆమె కొంగు మెడ చుట్టూ కప్పుకుందట.

మాలకొండయ్య మస్తానమ్మను ముందుకు తోశాడు. "చూడు. చూసి చెప్పు, నువ్వు రాసినప్పుడు ఇవి ఉన్నాయా?"

మస్తానమ్మ దగ్గరికి వెళ్లి, కొంగు పక్కకు తీసి, వంగి చూసింది. చూపుడు వేలు. నడిమి వేలు. దాని పక్కది సగంలోనే ఆగిపోయి ఉంది. ఆ తర్వాత చిటికెన వేలు.

  ఆమె మెల్లగా తన కుడిచెయ్యి ఎత్తి, చర్మానికి తగలకుండా, ఆ ముద్రల మీద గాలిలో ఉంచింది. వేలికి వేలు సరిపోయింది. కణుపు లేని వేలి కింద పొట్టి మచ్చ. బొటనవేలి కింద బొటనవేలు.

"యా అల్లా" అంది. 

ఆమె ఆ క్షణాన మాట్లాడకపోతే ఎవరికీ తెలిసేది కాదని మా పెద్దమ్మ అనేది. అందరి కళ్లూ వెంకటేశ్వర్లు మీదే ఉన్నాయి. మస్తానమ్మ వేలు పొట్టిదన్న సంగతి అక్కడ ఒక్కరికీ గుర్తులేదు. ఆమె 'మెడ శుభ్రంగా ఉండింది' అని చెప్పి బండెక్కితే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు.

మస్తానమ్మ చెయ్యి దించి మాలకొండయ్య వైపు తిరిగింది. "అన్నా, ఈ వేళ్లు నావి."

"ఏందీ?"

"నా చెయ్యే అన్నా. నేను అత్తరు రాసిన చోటే లేచినాయి. చూడు, ఈ వేలు చూడు. ఆ పిల్లోడు ఏమీ ఎరగడు."

మాలకొండయ్య ఆమెను తేరిపార చూశాడు. ఆయనకు కోపం కంటే తను మోసపోయానన్న బాధ ఎక్కువైంది. "నా బండిలో వచ్చి, వాళ్ల అరుగెక్కంగానే మాట మారుస్తివా? అత్తరుకు పొక్కులు లేస్తాయా యాడన్నా? ఇన్నేండ్లు ఎంతమందికి రాసినావు, ఎవురికి లేచినాయి?"

మస్తానమ్మకూ అదే సందేహం. తన మణికట్టుకు రాసుకుంటే ఏమీ కాలేదు కదా. అక్కడే చతికిలబడి, గుర్తు తెచ్చుకుంటూ శేషమ్మను అడిగింది. రాసినాక ఏం చేసినావు, ఏం తిన్నావు, యాడ కూసున్నావు? ఇరుసు విరగడం, గూడు లేని బండి, ఎండ, ఒక్కొక్కటే శేషమ్మ చెప్పింది. ఎండ అనగానే మస్తానమ్మ తల పైకెత్తింది. తన రవిక చేతులు చూసుకుంది. ఒక్కసారిగా లేచి నిలబడింది.

"కంభం పిల్ల!" అని అరిచింది. "రేపు పొద్దున సాగనంపుతారు. అప్పుడు రాయమని వాళ్లమ్మకు సీసాడిచ్చి వచ్చినా. ఆ పిల్లను ఎండలో తీసకపోతారు. ఎవురన్నా పోండయ్యా, మీకు దండం పెడతా, ఎవురన్నా పోండి!"

ఎవరూ కదల్లేదు. పిచ్చెక్కిందనుకున్నారు. స్తంభం దగ్గరున్న వెంకటేశ్వర్లు లేచాడు. ఆ వీధిలో సైకిలున్నది అతనొక్కడికే.

"మస్తానమ్మా, ఏ ఇల్లు? ఏం చెప్పాల?"

"పారిపోతాండాడు" అని చిన్నాన్న కర్ర అడ్డం పెట్టాడు.

అప్పుడు శేషమ్మ, అంతవరకు తండ్రి ముందు గొంతెత్తని పిల్ల, చిన్నాన్న కర్ర చేత్తో పట్టుకుని కిందికి వంచింది. "పోనీ చిన్నాయనా. పారిపోయేటోడైతే నిన్ననే పోయుండు."

అతను ముప్పై మైళ్లకు తక్కువ కాని ఆ గతుకుల దారిన, నడిరాత్రికి కంభం చేరాడు. ఆ ఇంటివాళ్లకు నమ్మకం కలగలేదు. ఇంత మంచి అత్తరు ఎందుకు తిరిగివ్వాలన్నారు. అతను తన భార్య మెడ గురించి చెప్పలేక చెప్పాడు. పెళ్లికూతురి తల్లి మారు మాట్లాడకుండా సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఇక్కడ కొమరోలులో మాలకొండయ్య కూతుర్ని ఇంటికి తీసుకుపోతానని బండి కట్టించబోయాడు. మస్తానమ్మ ఎడ్ల ముందు నిలబడింది.

"మూడు రోజులు ఆగు అన్నా. ఆ అత్తరు నా పెట్టెలో ఇంకా ఉంది. నా రెండు చేతులకూ రాసుకుంటా. ఒకటి ఎండలో పెడతా, ఒకటి గుడ్డ చుట్టి దాచిపెడతా. ఏమీ కాకుంటే ఈ వీధిలోనే నా తల పగలగొట్టు."

సోమవారం పొద్దున రవిక చేతులు మోచేతులపైకి మడిచి, రెండు ముంజేతులకూ శేషమ్మకు రాసినట్టే రాసుకుంది. కుడిచేతికి నల్లగుడ్డ నాలుగు మడతలు చుట్టింది. ఎడమచెయ్యి చాపి, నడివీధిలో పీట వేసుకుని కూర్చుంది. వెంకటసుబ్బులమ్మ రెండుసార్లు మజ్జిగ తెచ్చి తాగించింది. మూడోసారి వచ్చి పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం వెంకటేశ్వర్లు సీసాతో తిరిగొచ్చాడు. తల్లి అతని వైపు చూడలేదు. అతనూ తల్లిని పలకరించలేదు.

మంగళవారం చెయ్యి మామూలుగానే ఉంది. పొద్దుటినుంచి వచ్చి చూసిపోతున్నవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. "ఏమైనాది మస్తానమ్మా, పూలు పూసినాయా?" అన్నాడొకడు. మాలకొండయ్య సామాను బండిలో పెట్టించాడు. "ఇంకొక్క రోజు నాయనా. నాకు కూడా రెండో రోజు ఏమీ లేకుండె" అని శేషమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం మస్తానమ్మ ఎడమచెయ్యి గోక్కోవడం మా పెద్దమ్మ చూసింది. ఎవరితోనూ అనలేదు.

బుధవారం తెల్లారగానే మస్తానమ్మ వసారాలోకి వచ్చి రెండు చేతులూ చాపింది. ఎడమ ముంజేతి మీద నాలుగు వేళ్లు ఎర్రగా లేచి, గాజుపూసల్లాంటి నీటిపొక్కులతో ఉన్నాయి. తర్వాత కుడిచేతి గుడ్డ విప్పింది. మడత మీద మడత విప్పుతుంటే అందరూ మెడలు చాచి చూశారు. కింద చర్మం నున్నగా ఉంది. అత్తరు వాసన మాత్రం గుప్పుమంది.

వెంకటసుబ్బులమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రమణమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. మాలకొండయ్య ఆ చేతిని, కూతురి మెడను, మళ్లీ ఆ చేతిని చూసి, అల్లుడి కోసం చుట్టూ వెతికాడు. వెంకటేశ్వర్లు అక్కడ లేడు. అతను అప్పటికే కపిలబావి వైపు పోతున్నాడు. మామ వెనకాలే పోయాడు. బావి దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ కలిసి భోజనానికి వచ్చారు.

మిగిలిన అత్తరంతా మస్తానమ్మ పెంటదిబ్బలో పోసి మట్టి కప్పింది. శేషమ్మ కాళ్లు పట్టుకోబోతే శేషమ్మ వెనక్కి జరిగింది. "నాకు అప్పుడు ఆమెను చూస్తే జాలి లేదు. నిజం చెప్తున్నా, కోపమే ఉంది. నా మొగుణ్ణి వీధిన పెట్టింది ఆమె చెయ్యే కదా" అనేది పెద్దమ్మ. పొక్కులు మానాక నల్లటి మచ్చలు పడ్డాయి. అవి పోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా కొత్తకోడలు ఎవరింటికీ పేరంటానికి పోలేదు. వెంకటేశ్వర్లు ఆ చెంపదెబ్బను చాలాకాలం మర్చిపోలేదు. తల్లి వడ్డిస్తే తినేవాడు గాని మాట్లాడేవాడు కాదు. పెద్దమ్మకు కొడుకు పుట్టేదాకా అలాగే సాగింది.

మస్తానమ్మ పెట్టె ముట్టుకోవడం మానేసింది. ఆరు నెలలు పలకల కార్ఖానాలో కూలికి పోయింది. అప్పుడొక సంగతి జరిగింది. నలుగురిలోనూ మర్యాద ఉన్న ఒక ఇంటామె, ముసుగేసుకుని, పట్టపగలే ఆమె గుడిసెకు వచ్చింది.

"నువ్వు కొమరోలు పిల్లకు రాసిందేదో నాకు ఒక సీసా కావాల" అంది.

"అది పారబోసినా తల్లీ. అది కాల్చేది."

"తెలుసు. అందుకే" అంది ఆమె. భర్త రెండో పెళ్లి చేసుకోబోతున్నాడట. ఆ వచ్చే పిల్లది తెల్లని మొహమట.

మెడ మీద తన వేళ్లు చూసినప్పుడు కూడా తనకు అంత భయం వెయ్యలేదని మస్తానమ్మ తర్వాత పెద్దమ్మతో చెప్పింది. ఆ మనిషిని బయటికి పంపి తలుపు వేసుకుంది. ఈ పొద్దు ఒకామె వచ్చింది. తను లేదంటే పోయింది. తొక్క గీకడం ఎవరికి రాదు? ఆ సంగతి ఎవరికైనా ఎప్పుడైనా తెలుస్తుంది. తెలిసినవాళ్లు ఒకరిద్దరే ఉన్నంతకాలం అది విషమే. పొక్కులు లేచిన పిల్లను చూసి ఊరు మళ్లీ ఏ మొగుణ్ణో, ఏ దయ్యాన్నో పట్టుకుంటుంది.

మర్నాడు పెట్టె దుమ్ము దులిపింది. మళ్లీ పెళ్లిళ్లకు పోవడం మొదలుపెట్టింది. మైనం, మల్లెనూనె, గంధం, వట్టివేరు తప్ప మరొకటి పెట్టలేదు. వాసన దీపాలదాకానే ఉండేది. ఏ పెళ్లింటికి పోయినా ముందు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఎడమచెయ్యి చాపేది. మచ్చలు మాసిపోయాక కూడా చాపేది.

"నిమ్మతొక్క నూనె ఒంటికి రాసుకొని ఎండలో పోతే మూడో రోజు పొక్కులు లేస్తాయి. వేలితో రాస్తే వేలు మాదిరి లేస్తాయి. ఎవురి మెడ మీదన్నా ఇట్ల కనపడితే మగోణ్ణి కొట్టబోయే ముందు, పిల్లను అనుమానించే ముందు, ఏం రాసినారో అడగండి" అని చెప్పేది. పెళ్లింట్లో ఈ అశుభం మాటలేమిటని కొందరు విసుక్కున్నారు. కొన్ని ఇళ్ల పిలుపులు ఆగిపోయాయి. ఆమె చెప్పడం మానలేదు.

తెల్లవాళ్లు పోయిన ఏడు, ఎండాకాలంలో, పామూరు దగ్గర ఒక పల్లెలో పెళ్లైన నాలుగో రోజు ఒక పిల్ల మొహం మీద చారలు చారలుగా పొక్కులు లేచాయట. ఊరు గుమిగూడింది. భూతవైద్యుణ్ణి పిలవమన్నారు. ఒక ముసలామె మాత్రం జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, పిల్లను నీడలోకి లాగి, "నీ మొహానికి ఎవురు ఏం రాసినారు బిడ్డా?" అని అడిగిందట. పిల్ల తోడికోడలి వైపు చూసిందట.

ఈ కబురు మార్కాపురం చేరినప్పుడు మస్తానమ్మ గుడిసె ముందు పూలు పరుస్తూ ఉంది. విని, చేతిలో పూలు అలాగే పట్టుకుని, "ఆ ముసలామెకు చేరిన నా మాటే రాసినామెకు కూడా చేరినాది" అందని పక్కింటివాళ్లు చెప్పారు.